గడప దాటితే మన మాట వద్దు

ఆ యూనివర్సిటీ హాస్టల్లో ఒక్కో అంతస్తుకు ఒక్కో చదువు. ఒకే చదువు వాళ్లు ఒకేచోట ఉంటే ఒకరికొకరు నేర్పుకుంటారని పెద్దల ఏర్పాటు. మూడో అంతస్తు పరాయి భాష నేర్చుకునే ఆడపిల్లలది. మెట్లెక్కి గడప దాటాక సొంత భాషలో ఒక్క ముక్క మాట్లాడకూడదు.

ఆ నియమానికి కాపలా మేట్రన్. పదో తరగతితో చదువాగిన మనిషి, పదకొండేళ్లుగా పిల్లల నోట వినీ వినీ ఆ భాషను ఒంటబట్టించుకుంది. ప్రొఫెసర్లు చూసీచూడనట్టు పోయినా ఆవిడ పోనిచ్చేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా! ఎవరైనా నోరు జారితే రెండు చెవులూ మూసుకుని తల అడ్డంగా ఊపేది. పిల్లలు పకపకా నవ్వి మాట మార్చుకునేవాళ్లు. ఆ నవ్వులకు మురిసిపోయేది, పిచ్చిది.

అందరిలోకీ చిన్నదాన్ని ఆవిడ పిచ్చుక అనేది. చేరి రెండు నెలలే. ఓ ఉదయం పది కావస్తుండగా ఆ పిల్ల ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, నేను ఊరెళ్లాలి, మా..."

మేట్రన్ రిజిస్టరులోంచి తలెత్తకుండానే చెవులు మూసుకుంది.

పిల్లకు ఆ భాషలో వచ్చింది కూరగాయల బేరం, దారి అడగడం, అంతే. గేటు దాటాలంటే మేట్రన్ సంతకం కావాలి. ఊరికి బస్సు పదింటికి ఒక్కటే. గదికి పరుగెత్తి, నిఘంటువు తిరగేసి, కాగితం మీద మూడు మాటలు రాసి తెచ్చింది. తల్లి. ఆసుపత్రి. త్వరగా. అప్పటికి పది దాటింది.

"అయ్యో, నోటితో చెప్పొచ్చు కదే!" అంది మేట్రన్ సొంత భాషలో. అన్నాక గానీ తానేం చేసిందో తెలియలేదు.

మధ్యాహ్నం బండి కుదిర్చి పంపింది. పిల్ల చేరేసరికి తల్లి పోయి గంటన్నర అయింది.

పదిహేను రోజులు మేట్రన్‌కు ముద్ద దిగలేదు. పదహారో రోజు పిచ్చుక మెట్లెక్కి రాగానే ఎదురెళ్లి చేతులు పట్టుకుంది.

"నన్ను తిట్టవే తల్లీ. మన మాటల్లోనే నోరారా తిట్టు. పడతాను."

పిల్ల చేతులు విడిపించుకుంది. గడప దాటి లోపలికొచ్చి, ఆ పరాయి భాషలో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది, తల్లి చివరిదాకా తన కోసమే అడిగిందని.

ఎక్కడా తప్పు పోలేదు. ఆ భాష తనకు అర్థం కాకుండా ఉంటే ఎంత బాగుండునని మేట్రన్ గోడకు చేరబడి వెక్కి వెక్కి ఏడ్చింది.