సిగరెట్టు పేరున్న సాకెట్టు

1986 మార్చి ఇరవై రెండు, శనివారం, ఉదయం తొమ్మిదీ పది. నా బుద్ధి చెడిన తేదీ, సమయం అవి. గోడ గడియారం చూసే చెబుతున్నాను. మా ఇంట్లో ఆ పూట సరిగ్గా పనిచేస్తున్నది అదొక్కటే. మళ్ళీ శనివారం నాడు, మా పేట మొత్తం నోరు కట్టుకుని కొన్న వస్తువుని రెప్పపాటులో మసి చేశాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఇంకెవరి మీదైనా మండితే ఈపాటికి చల్లారేది. నా మీద నాకే కాబట్టి ఆరడం లేదు.

అప్పుడు నేను మా ఊరి బడిలో టీచర్ని, చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని. నలభై నాలుగేళ్ళ వయసు, నలుగురికి పంచినా మిగిలేంత పొగరు. సమాజంలో నలభై రెండు ఇళ్ళు. అందరూ మిరప కోతలకీ పత్తి తీతలకీ వెళ్ళే ఆడవాళ్ళే. 1983 జనవరి ఒకటి నుంచి 1984 నవంబరు ముప్పై దాకా ప్రతి ఇంట్లో ఎసట్లో పోసే బియ్యం నుంచి రోజుకో పిడికెడు తీసి పక్కన పెట్టించాను. సరిగ్గా ఏడు వందల రోజులు. ఆ బియ్యం అమ్మి యాంప్లిఫయరూ, గరాటులాంటి హారను స్పీకరూ, మైకూ కొన్నాం. కరెంటు లేని పల్లెల్లో కూడా పనికి రావాలని పన్నెండు వోల్టులది తీసుకున్నాం. కారు బ్యాటరీ మీద తప్ప నడవదు.

కారు మాదే. మిషను ఆసుపత్రి దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ మా ఆయనకి అమ్మిన పాత బండి. పొద్దున్నే దగ్గి దగ్గి గాని లేచేది కాదు. దాని బానెట్టు సగం తెరిచి తాడుతో కట్టి, బ్యాటరీకి రెండు క్లిప్పులు కరిపించి, వైర్లు కిటికీలోంచి లోపలికి లాగేవాళ్ళం. మా నల్లరేగడి బాటలో బండి చక్రాల గాళ్ళు మోకాలి లోతు. గతుకు తగిలితే క్లిప్పు ఊడేది.

1985 ఈస్టరు ముందు రోజు పాస్టరు అయ్యగారు ఆ కారులో కూర్చుని పేటంతా ప్రకటన చేశారు. "రేపు తెల్లవారి చర్చిలో ఆరాధన లేదు. వాగు ఒడ్డున ఉంటుంది, అందరూ ఐదింటికల్లా రావాలి." ఆయన మొత్తం చెప్పారు. "లేదు" దగ్గర క్లిప్పు ఊడింది. ఆ సంగతి ఎరగని అయ్యగారు పేట చివరిదాకా మూగ మైకు పట్టుకుని చెబుతూనే వెళ్ళారు. మర్నాడు వాగు ఒడ్డుకి వచ్చినవాళ్ళు ముప్పై ఒక్కమంది. నేనే లెక్కపెట్టాను.

రానివాళ్ళలో మరియమ్మ ఒకతి. మిరప కల్లాల్లో కూలిపని చేసే మనిషి, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పింది. పూట గడవని రోజుల్లో కూడా ఆ పిడికెడూ తీసి దాచింది.

"పండగ లేదని మైకులో చెప్పించావు కదే టీచరమ్మా," అంది. "తెల్లచీర ఉతుక్కుని ఇంట్లో కూర్చున్నా. నా పిడికెళ్ళు నాకిచ్చెయ్."

ఏడాది పొడుగునా, కనపడినప్పుడల్లా అదే మాట. అందుకని 1986 ఈస్టరుకి మళ్ళీ క్లిప్పు ఊడకూడదని, మరియమ్మ నోట మళ్ళీ ఆ మాట రాకూడదని, కారు వైరింగు మార్పించడానికి కార్ల కరెంటు పనిచేసే మస్తాన్‌ని పిలిపించాను. మొదట్లో చెప్పిన శనివారం అదే.

మస్తాన్ బానెట్టు ఎత్తి చూశాడు. పాత వైర్ల మీద గుడ్డ తొడుగు చేత్తో ముట్టుకుంటే రాలిపోతోంది.

"ఇది తీసి అవతల పారెయ్యాలమ్మగారూ. బ్యాటరీ కాణ్ణుంచి కొత్త వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, స్టీరింగు పక్కన సాకెట్టు బిగిస్తా. ఎంత గతుకైనా ఊడదు."

"అదే కావాలి. ఏం సాకెట్టు?"

సంచిలోంచి గుండ్రటి ఇనుప గొట్టం తీసి చూపించాడు. "సిగరెట్టు లైటరు సాకెట్టండి."

ఇక్కడ ఆగి నన్ను తిట్టుకోనివ్వండి. మంచి పనివాడు, మంచి వస్తువు, సరైన సలహా. నేను విన్నది మాత్రం మొదటి మాటొక్కటే.

"ఏం లైటరు?"

"సిగరెట్టు లైటరండి. దాని పేరే అది. అందులో ఏం పెట్టుకున్నా పనిచేస్తది."

"స్త్రీల సమాజం మైకుని సిగరెట్టులో గుచ్చమంటావా?"

"పేరుకే సిగరెట్టండి. ఎవరూ కాల్చరు."

"రేపు మరియమ్మ వచ్చి ఇదేంటని అడిగితే ఏం చెప్పను?"

"సాకెట్టని చెప్పండి."

"అబద్ధమా?"

మస్తాన్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన దానియేలు గారు నెమ్మదైన మనిషి. పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను లోపలికి వెళ్ళి, టేబులు ఫ్యాను కోసం కొని దాచిన రెండు పిన్నుల సాకెట్టూ ప్లగ్గూ తెచ్చి మస్తాన్ చేతిలో పెట్టాను.

"ఇది బిగించు. ఇంట్లో, కారులో అంతా ఒకటే రకం. పద్ధతిగా ఉంటుంది."

"వద్దమ్మగారూ. కారుకి ఇంటి ప్లగ్గు పెడితే ఎవరో ఒకరు మర్చిపోయి గోడకి గుచ్చుతారు. గోడలో వచ్చేది రెండొందల ముప్పై వోల్టులు. ఈ పెట్టె తట్టుకోలేదు."

"ఈ ఇంట్లో ఉండేది ఇద్దరం. ఆయన ఏదీ ముట్టుకోరు. నేను ఏదీ మర్చిపోను."

సాకెట్టు కారుకీ, ప్లగ్గు యాంప్లిఫయరు వైరుకీ బిగించి, "పోనీ గుర్తుకైనా..." అని ప్లగ్గు చుట్టూ ఎర్ర టేపు చుట్టి వెళ్ళాడు. తెగిన వేలికి కట్టు కట్టినట్టు అసహ్యంగా ఉందని, అతను వీధి మలుపు తిరక్కముందే గోటితో గీకి ఊడదీశాను. ఇదిగో, ఈ గోటితోనే.

మర్నాడు మట్టల ఆదివారం. ఈత మట్టలు పట్టుకున్న పిల్లల ముందు మా కారు నడిచింది. గతుకు తరవాత గతుకు, మైకు ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ముందు సీట్లో కూర్చుని, ఆ వైరింగు నేనే కనిపెట్టినట్టు చెయ్యి ఊపాను. మరియమ్మ కూడా, "ఈసారి బాగానే పలుకుతోందే," అంది.

మార్చి ఇరవై తొమ్మిది, శనివారం, సాయంత్రం ఐదూ నలభై. ఆరింటికి అయ్యగారు వస్తారు, మళ్ళీ వాగు ఒడ్డు ప్రకటన. కల్లాల మీంచి కొట్టుకొచ్చిన ఎర్రదుమ్ము తుడుద్దామని యాంప్లిఫయరు ఇంట్లోకి తెచ్చాను. దాని వైరుకి తగిలించిన హారను అరుగు మీద ఉంది. తుడిచాక, ఒక్కసారి పలికించి చూద్దామనిపించింది. కారులో పెట్టి చూస్తే బ్యాటరీ దండగ. అంత జాగ్రత్త గల మనిషిని. గోడ పక్కనే ఉంది. ప్లగ్గు పెట్టాను. ఎంత చక్కగా పట్టిందనుకున్నారు.

హారను ఒక్కసారి, ఈనలేక అరిచిన గేదెలా, "బేర్"మంది. పెట్టెలోంచి నల్లటి పొగ. ఇంట్లో దీపాలు పోయాయి.

అరుగు కిందనించి మరియమ్మ గొంతు. "టీచరమ్మా, ఏదో చెప్పావు, సరిగ్గా ఇనపళ్ళా. ఆరాధన ఉందా, లేదా?"

నేను లోపల మా ఆయన మీద విరుచుకుపడుతున్నాను. "ఈ ప్లగ్గు ఇక్కడెవరు పెట్టారు?"

"నీ చెయ్యి ఇంకా దాని మీదే ఉంది విమలా," అన్నారాయన.

పొగ కబురు విని మస్తాన్ సైకిలు మీద వచ్చాడు. పెట్టె మూత విప్పి, వాసన చూసి, మళ్ళీ మూసేశాడు.

"గోడకెందుకు పెట్టారమ్మగారూ?"

"పట్టింది కాబట్టి పెట్టాను."

"పట్టకూడదనే కదండీ ఆ రోజు నేను మొత్తుకుంది," అన్నాడు. అంతే. నాలుగు తిడితే బాగుండేది. తిరిగి నాలుగు అనడానికి నాకూ వీలుండేది.

ఆరయింది. అయ్యగారు వచ్చారు గాని, ఆయనకి జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. మైకు ఉంటే గుసగుసగా చెప్పినా సరిపోయేది. ఇక చెప్పులు వేసుకుని నేనే బయలుదేరాను. కోపం తలకెక్కి ఉంది. మస్తాన్ మీద, సిగరెట్లు తయారుచేసేవాళ్ళ మీద, అన్నిటికంటే ఆ విమల టీచరు మీద. ఆ కోపమంతా గొంతులో పెట్టి గడప గడపకీ అరిచాను. "లేదు" అనే మాట నోట రానివ్వలేదు.

"ఆరాధన ఉంది. వాగు ఒడ్డున ఉంది. ఐదింటికి ఉంది. రండి."

మా పేట మొదట్లో నేను అరుస్తుంటే చివరి ఇంట్లో కుక్కలు లేచాయట. నలభై రెండు గడపలయ్యేసరికి ఏడూ యాభై.

మర్నాడు తెల్లవారకముందే వాగు ఒడ్డుకి నూట నలభై ఎనిమిది మంది వచ్చారు. పక్క పేటవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళకి నేను చెప్పనే లేదు, వినపడిందట. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరి ముందు నిలబడి, బొంగురుపోయిన గొంతుతో నిజం చెప్పాను. మీ పెట్టె తగలబెట్టింది మస్తానూ కాదు, మా ఆయనా కాదు, నేనే అని. మరియమ్మ తెల్లచీర కొంగు సర్దుకుని నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఇంత గొంతు పెట్టుకుని," అంది, "మా చేత ఏడొందల రోజులు బియ్యం తీయించావటే?"

వాగు ఒడ్డంతా నవ్వింది. అయ్యగారు కూడా దగ్గుతున్నట్టు నటించారు.

ఆ ఒడ్డునే, చేతిలో బైబిలు ఉండగానే ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ వస్తువునీ దాని పేరు చూసి ఇంట్లోంచి గెంటను. పనివాడు చుట్టిన ఎర్ర టేపుని ప్రాణం పోయినా గీకను. మరుసటి వారం మస్తాన్ వచ్చి ఆ సిగరెట్టు సాకెట్టే బిగించాడు. అందులో గుచ్చడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు.

పోయినవి: యాంప్లిఫయరు ఒకటి. ఇంటి ఫ్యూజు ఒకటి. నా గొంతు, పదకొండు రోజులు. "నేను ఏదీ మర్చిపోను" అనే మాట, శాశ్వతంగా. పిడికెళ్ళు, ఇరవై తొమ్మిది వేల నాలుగు వందలు.