అడిగింది, ఇచ్చింది

గల్ఫ్‌లో, అల్ ఐన్‌లో నేను పదకొండేళ్ళు పనిచేసిన ఇంట్లో, మజ్లిస్ అనే అతిథుల హాలు పక్క గదిలో ఒక బల్ల ఉండేది. ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు. దాని నిండా ఇసుక. ఇసుకలో బొటనవేలంత సీసపు సైనికులు, నీలంవాళ్ళు నలభై, ఎర్రవాళ్ళు నలభై, ఒక్కో వైపు ఆరు లారీలు. వారానికోసారి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, లెక్కపెట్టి, ఎక్కడివాళ్ళను అక్కడే నిలబెట్టడం నా పని. మొదట్లో మనవల ఆటబొమ్మలనుకున్నాను.

కావు. ఇంటి పెద్దాయన, మేం బాబా అని పిలిచేవాళ్ళం, సైన్యంలో కొత్త ఆఫీసర్లకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కంప్యూటర్లు రాకముందు వాళ్ళు యుద్ధం నేర్చుకున్నది ఆ బల్ల మీదే. స్కేలుతో కొలిచి, పాచికలు వేసి, ఎవరు చచ్చారో ఎవరు మిగిలారో తేల్చేవారట. కంప్యూటర్లు వచ్చాక పారేస్తామంటే బాబా ఇంటికి తెచ్చుకున్నారు. అదే బడిలో ఆయనతో కలిసి పాఠాలు చెప్పిన స్నేహితుడు ప్రతి శుక్రవారం అబూ ధాబీ నుంచి వచ్చి ఎర్ర సైన్యాన్ని నడిపేవారు.

2020 మార్చిలో కరోనాతో రాకపోకలు ఆగిపోయాయి. బాబాకు అంతకు ముందు డిసెంబరులోనే గుండె ఆపరేషన్ అయింది. స్నేహితుడికి డెబ్భై ఆరేళ్ళు. ఇక ఫోన్‌లోనే ఆడుకుందామనుకున్నారు. బడిలో అసలు పద్ధతి కూడా దాదాపు అదేనట. శత్రువులిద్దరూ వేర్వేరు గదుల్లో ఉండాలి, మధ్యలో ఒక తీర్పరి. అరబ్బీలో హకం అంటారు. రెండు సైన్యాలూ ఎక్కడున్నాయో పూర్తిగా తెలిసేది హకంకి మాత్రమే; బల్ల బాబా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆ ఒక్కటి మాకు కుదరదు. ఇంకో రూలు కూడా ఉంది: ఆట ముగిసేదాకా శత్రువులు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

"హకం ఎవరుంటారు?" అంది బాబా కూతురు.

"నా మందుల లెక్క పుస్తకంలో రాసేది ఈమే కదా. ఒక్క తేదీ తప్పిందా?" అన్నారు బాబా, సగం హిందీ, సగం అరబ్బీలో.

ఏప్రిల్ 13, సోమవారం మొదలైంది. సోమ, గురువారాల్లో సాయంత్రం ఐదింటికి వంటింట్లో ఫోను మోగేది. బాబా ఎత్తు స్నేహితుడికి చెప్పి, ఆయన చెప్పిన ఎత్తుకు నేను చీటీ రాసి బాబాకు ఇవ్వాలి. చీటీలో రెండు గడులు. ఎన్ని అంగుళాలు అడిగారు, రూలు ప్రకారం హకం ఎన్ని ఇచ్చింది.

"ఎర్ర లారీ, వాగు దాటి తొమ్మిది."

"తొమ్మిది రాదు సాబ్. అక్కడంతా ఇసుక. ఇసుకలో సగమే. నాలుగున్నర."

"నిన్న వాన పడింది. ఇసుక గట్టిపడింది."

"ఎక్కడ పడింది సాబ్ వాన?"

"అబూ ధాబీలో."

"యుద్ధం అల్ ఐన్‌లో కదా."

ఆయన నవ్వేవారు. "ఖలాస్, నీ ఇష్టం."

పదిహేను చీటీల్లో పదమూడింటి మీద అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. బాబా ప్రతి చీటీ చదివి, "వీడికి నలభై ఏళ్ళుగా ఇసుక కనబడదు," అని సొరుగులో దాచుకునేవారు.

జూన్ 4న ఫోను రాలేదు. ఎనిమిదిన రాలేదు, పదకొండున రాలేదు. ఆయన ఆసుపత్రిలో ఉన్నారని మాకు తెలుసు. బాబాతో జలుబు అని చెప్పాం. పన్నెండు, శుక్రవారం పొద్దున బాబా కూతురు వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది.

"అంకుల్ పోయారు. బాబాకి ఇప్పుడు చెప్పొద్దని డాక్టర్ అన్నాడు. రెండు వారాలు చాలు. ఆట నడిపించు. ఆట నడుస్తుంటే బాబా ఆయనకు ఫోన్ చెయ్యరు."

నేను సరే అన్నాను. కాదనే వీలున్నా, అనలేదు.

పదిహేనో తేదీ ఐదింటికి రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, గుయ్యిమంటున్న లైను వింటూ చీటీ రాశాను. బాబా అందుకుని, "అల్‌హమ్‌దులిల్లా, లేచి కూర్చున్నాడు," అన్నారు. ఆ మాట వినలేక స్టవ్ మీద పాలు పెట్టానని చెప్పి వచ్చేశాను. పాలు పెట్టలేదు.

ఎర్రవాళ్ళు ఓడిపోకూడదు, గెలవకూడదు. ఎలా ముగిసినా బాబా స్నేహితుడికి ఫోన్ చేస్తారు. అందుకని వాళ్ళను దిబ్బల వెనక దాచుకుంటూ వచ్చాను. పాచికల్లో మాత్రం మోసం చేయలేదు. పడ్డది పడ్డట్టే రాశాను. జూన్ 29కి ఎర్రవాళ్ళు ఇరవై ఆరుగురు. జూలై 16కి పందొమ్మిది మంది. రెండు వారాలన్నది ఆరు వారాలైంది. ఇక చెబుదామా అని నేను అడిగినప్పుడల్లా కూతురు, "ఇంకొన్ని రోజులు," అనేది.

ఆ ఇంటి డ్రైవరుది జగిత్యాల దగ్గర ఊరు. విషయమంతా తెలిసినవాడు.

"యుద్ధం ఎందాక వచ్చిందక్కా?"

"దిబ్బల ఎనకాల నక్కేరు మావోళ్ళు."

"ముసలాయన బతికున్నప్పటికంటె ఇప్పుడే మంచిగ ఆడుతుండు."

"నోర్ముయ్ తమ్ముడూ. పోయినోళ్ళ మీద ఏంటా మాటలు."

కసిరాను గానీ, వాడు నవ్వుతూ అన్న దాంట్లోనే ఉంది నా తప్పు. అప్పుడు నాకు అందలేదు.

జూలై 27, సోమవారం. ఐదు కాకముందే బాబా పిలిచారు. చీటీలన్నీ బల్ల అంచున వరసగా పేర్చి ఉన్నాయి. పై వరసలో పదిహేను, కింది వరసలో పన్నెండు.

"కింది వరస చూడు. నాలుగున్నర అడిగాడు, నాలుగున్నర వచ్చింది. మూడు అడిగాడు, మూడు వచ్చింది. పన్నెండింటిలో ఒక్కటీ తప్పు లేదు."

ఎత్తులన్నీ ఆ స్నేహితుడివే అనిపించేలా జాగ్రత్తపడ్డాను. కానీ రాదని తెలిసిన లెక్కను అడగడం నాకు తోచలేదు.

"ఎప్పుడు పోయాడు?"

"జూన్ పన్నెండు, శుక్రవారం, బాబా."

"ఎన్ని రోజులు?"

"నలభై ఐదు."

"మూడో చీటీకే అనుమానం వచ్చింది నాకు."

"మరి అడగలేదేం, బాబా?"

"ఆట నడుస్తుంటే శత్రువుతో మాట్లాడకూడదు. రూలు," అన్నారు. చీటీల వరస సరిచేస్తూ, "నేను కూడా ఆ రూలు వెనకే దాక్కున్నాను," అన్నారు. "మా ఆచారం ప్రకారం మూడు రోజుల్లోపు వాడి భార్యకు ఓదార్పుగా ఒక మాట చెప్పాలి. ఇన్ని రోజులైంది. ఆమె ఏమనుకుని ఉంటుంది?"

ఆమె సంగతి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఎంతమంది ఎర్రవాళ్ళు మిగిలారో రోజూ లెక్కపెట్టాను గానీ, అబూ ధాబీలో ఆమె ఎన్ని రోజులు ఆ ఫోను కోసం చూసిందో లెక్కపెట్టలేదు. ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. నా పుస్తకంలో తప్పు లేదన్న పొగరు ఇంకా ఉంది. ఆ నలభై ఐదు రోజుల దగ్గరకు వచ్చేసరికి అది నిలబడదు.

బాబా ఆమెకు ఫోన్ చేశారు. నాలుగు నిమిషాలు. చాలావరకు విన్నారు. "ఆలస్యమైంది, క్షమించు," అన్నది మాత్రం నాకు వినబడింది. నా మీద, కూతురి మీద ఒక్క మాట చెప్పలేదు.

ఫోను పెట్టేసి గడియారం చూశారు. "ఐదైంది. ఎర్రవాళ్ళ ఎత్తు ఉంది. రాయి. వాగు దగ్గరి లారీ. అడిగింది, తొమ్మిది."

"అక్కడ ఇసుక, బాబా."

"వాడికి ఎప్పుడైనా కనబడిందా?"

అడిగింది: 9. నా చేత్తో రాశాను. రెండో గడి దగ్గర కలం ఆగింది. ఈ ఒక్కసారి తొమ్మిదీ ఇచ్చేస్తే ఏం పోతుంది అనిపించింది. ఇవ్వలేకపోయాను. నాలుగున్నర వేసి చీటీ చేతికిచ్చాను.

బాబా చదివి చిన్నగా నవ్వారు. "చూశావా. వీడే," అన్నారు. చీటీని పై వరసలో, పదిహేనో దాని పక్కన పెట్టారు. ఆ తర్వాత తలగుడ్డ అంచుతో ముఖం కప్పుకున్నారు.

నేను స్కేలు తీసి, ఎర్ర లారీని ఇసుకలో నాలుగున్నర అంగుళాలు జరిపాను.