గుమ్మం బావగారు

మా వియ్యంకుణ్ణి డైరీలో ‘గుమ్మం బావగారు’ అని రాసుకునేవాణ్ణి. కరోనా తగ్గాక గల్ఫ్‌లో, అల్ నహ్దాలోని పిల్లల ఫ్లాట్‌లో ఇద్దరం కొన్నాళ్లు కలిసి ఉన్నాం. టీవీ పెడితే చాలు, ఆయన సోఫా వదిలి గుమ్మంలో నిలబడేవారు.

“టికెట్ కొనలేదా బావగారూ?” అని వేళాకోళం చేసేవాణ్ణి.

“ఈడికెంచి మంచిగనే కనబడ్తది” అనేవారు.

ఒకరోజు ఆయనే చెప్పారు. మెదక్ వైపు వాళ్ల పల్లెకి తొలి టీవీని సర్కారు పంపింది. బడి ఆవరణలో జల్లెడలాంటి పెద్ద గొడుగు పెట్టి, దాంతో ఉపగ్రహం నుంచి బొమ్మలు పట్టేవారు. టీవీ పెట్టె తాళంచెవి పంతులైన ఈయన దగ్గరే ఉండేది. ఊరివాళ్లని బడి గది లోపల చాపల మీద కూర్చోబెట్టి, దళితవాడ వాళ్లని గుమ్మం బయటే ఉంచేవారు.

“ఒక ముసలామె, బొమ్మ కనబడ్తలేదు సారూ అన్నది. ఇనబడ్తుంది గద, సాలు అన్న. గిప్పుడు టీవీ ముందట కూసుంటే సిగ్గయితది, బావగారూ.”

తర్వాతి ఆదివారం ఆ ముసలామె మనవడు, అక్కడే మఫ్రఖ్ కూలీల క్యాంపులో ఉండే మేస్త్రీ, ఈయన్ని చూడటానికి వచ్చాడు. టీవీలో క్రికెట్ వస్తోంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. బావగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సోఫాలో నా పక్కన కూర్చోబెట్టారు. తను వెళ్లి గుమ్మంలో నిలబడ్డారు.

అతను వెంటనే లేచాడు.

“కూసో బిడ్డా, నీకు దండం పెడ్త” అన్నారు బావగారు.

“సారు నిలబడితే నేనెట్ల కూసుంటా?” అని నవ్వుతూ వెళ్లి ఆయన వెనక, గుమ్మం అవతల నిలబడ్డాడు.

బావగారు తల దించుకున్నారు. సోఫాలో నేనొక్కణ్ణే మిగిలాను.