జూన్ ఇరవై ఐదున ఏం జరిగింది

మా ఇంటి ముందు గదిలో, మగ్గానికి ఎదురుగా ఉన్న గోడ మీద గులాబీ రంగు జంపఖానా ఒకటి వేలాడుతుంది. పెద్దదేం కాదు, చంటిపిల్లను పడుకోబెట్టేంత. నడుమ కోట తోరణం, దాని కింద జూన్ రెండు, రెండువేల పద్నాలుగు అని అంకెల్లో తారీఖు. నేసింది మా మామ. దాన్ని చూసినప్పుడల్లా నా కడుపు మండుతుంది. దుమ్ము దులిపే వంతు నాదైనప్పుడు కావాలనే రెండు దెబ్బలు ఎక్కువ వేస్తాను.

వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ఇప్పుడు నేసేది మామ ఒక్కడే, అదీ ఆర్డరు ఉన్నప్పుడే. బావ కాజీపేటలో రైల్వే పనికి పోతాడు. మా ఆయన మడికొండలో కంపెనీ బస్సు నడుపుతాడు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, గౌన్లు కుడతాను. బావ భార్య నాకు తోడికోడలు. అక్కా అని పిలుస్తాను. ఒకే వంటిల్లు, ఒకే నల్లా, ఒకే దండెం.

ఆ ఏడు అక్కా నేనూ ఒకేసారి కడుపుతో ఉన్నాం. అక్కకు బిడ్డ జూన్ రెండున పుట్టింది. తెలంగాణ వచ్చిన రోజు. నాకు బిడ్డ అదే నెల ఇరవై ఐదున పుట్టింది. అంతే తేడా. అది చాలదా, ఇన్నేళ్ళూ నా నెత్తురు తాగడానికి?

మీరే చెప్పండి. ఒక పిల్ల పుట్టినరోజుకు ఊరంతా లైట్లు పెడతారు. చౌరస్తాల్లో జెండాలు, పొద్దున్నే మైకులు, ఆఫీసుల ముందు ముగ్గులు. మా అత్తమ్మ వాడంతా తిరిగి, తన మనుమరాలి పుట్టినరోజుకు సర్కారే సెలవిచ్చిందని చెప్పుకుంటుంది. ఆ పిల్లకు ప్రతి ఏడూ గులాబీ రంగు గౌను కావాలి. కుట్టేది ఎవరు? నేనే. మే నెల ఎండలో, ఫ్యాను వేస్తే గుడ్డ ఎగిరిపోతుందని ఫ్యాను బంద్ చేసుకుని, చెమటలు కక్కుతూ కుచ్చులు పెడతాను. కుట్టు మాత్రం వంకర పోనివ్వను. నా కుళ్ళు నాది, నా పని నాది.

వీటన్నింటి కంటే నన్ను ఎక్కువ కాల్చేది మామ చెప్పే ముచ్చట. మామ ఉద్యమంలో తిరిగినవాడు. కాజీపేటలో రైలు పట్టాల మీద కూర్చున్నవాడు. ప్రతి జూన్ రెండున జెండా దగ్గరి నుంచి వచ్చి, ఆ జంపఖానా కింద కూర్చుని, అక్క బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. డప్పులు మోగుతుంటే, పటాకులు పేలుతుంటే నువ్వు పుట్టినావని మొదలుపెడతాడు. నర్సమ్మల బుగ్గలకు కూడా గులాలు అంటిందట. ఊరు ఊరంతా ఆ పిల్ల కోసమే ఎగిరిందట. ఆ రోజున నేను నర్సంపేట దగ్గర మా అమ్మగారింట్లో, నిండు నెలలతో మంచం మీద ఉన్నాను. అందుకని ఆ ముచ్చట నాకు మామ నోటి నుంచే తెలుసు. ప్రతి ఏడూ వింటాను. ప్రతి ఏడూ పళ్ళు నూరుకుంటాను. నా బిడ్డ గడప మీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింటుంది.

ఒక ఏడు, అప్పుడింకా దానికి పాలపళ్ళు ఊడుతున్నాయి, ముచ్చట అయిపోయాక తాతను అడిగింది.

"తాతా, నేను పుట్టినప్పుడు ఏమైంది?"

మామ తలెత్తి జంపఖానా వైపు చూశాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పరాదా అని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"ఏం కాలే బిడ్డా," అన్నాడు. "ఆ దినం ఏం కాలే."

నా ఒళ్ళు మండిపోయింది. చివరికి వాన కూడా పడలేదా ఆ రోజు? అది పుట్టిన ఏడు వానలు కూడా వెనకబడ్డాయి, అదొక ఖర్మ. పిల్ల మాత్రం ఏడవలేదు. తల ఊపి, లేచిపోయి ఆడుకుంది. అది ఏడ్చి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు.

మరుసటి రోజే మామను అడిగాను, నా బిడ్డకు కూడా ఒక జంపఖానా నేసి పెట్టండని. కాదనలేదు. గుర్తు ఏం వెయ్యాలో చెప్పమన్నాడు. ఉత్త తారీఖు నేస్తే అది క్యాలెండర్ అవుతుందట. ఆ దినానికి ఏదన్నా గుర్తు ఉండాలట. అప్పటి నుంచి నా బిడ్డ పుట్టినరోజుకు గుర్తు వెతకడం నా పని అయింది. దాని జంపఖానా గోడకెక్కేదాకా నాకు నిద్ర పట్టదన్నంత పట్టుదల పుట్టింది.

ఈ ఏడు పిల్లలు ఆరో తరగతిలోకి వచ్చాక బళ్ళో కొత్త పద్ధతి పెట్టారు. ఎవరి పుట్టినరోజు అయితే వాళ్ళు ఆ పొద్దున ప్రార్థనలో నిలబడి, చరిత్రలో ఆ రోజు ఏం జరిగిందో చదవాలి. పిల్లలిద్దరిదీ ఒకే క్లాసు. నా బిడ్డ వచ్చి, అమ్మా నా రోజు ఏమన్నా ఉందా అని అడిగింది. ఉందా అన్న ఆ మాటకే నాకు పౌరుషం వచ్చింది. ఎవరిదో జాకెట్టు సగం కుట్టు మీద ఆపేసి ఫోను పట్టుకున్నాను.

దొరికింది. జూన్ ఇరవై ఐదు, పంతొమ్మిది వందల ఎనభై మూడు. మనవాళ్ళు లండన్‌లో మొదటిసారి క్రికెట్ ప్రపంచకప్పు గెలిచిన రోజు. నేను కత్తెర చేతిలో పట్టుకునే ముందు గదిలోకి ఉరికాను. మామ మగ్గం మీద ఉన్నాడు. చెప్పగానే ముఖం విచ్చుకుంది. రేడియో చుట్టూ వాడంతా మూగిన సంగతి గుర్తు చేసుకున్నాడు. "కప్పు నేసుడు అల్కనే, గంత కష్టం గాదు," అన్నాడు. నీలం నూలు ఇంట్లో ఉందా అని కూడా చూశాడు. అమ్మయ్య, ఇన్నేళ్ళకు గోడ మీద రెండో మేకు కొట్టే రోజు వచ్చిందనుకున్నాను.

అక్క గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేతులు కడుక్కుంది. తీరిగ్గా ఫోను తీసింది. చిన్నపిల్లలు పాఠం చదివినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చదివింది. అదే జూన్ ఇరవై ఐదున, డెబ్బై ఐదో సంవత్సరంలో, దేశంలో ఎమర్జెన్సీ పెట్టారట. అంతకు ముందు యాభైలో కొరియాలో యుద్ధం మొదలైందట. ఇంకా ఎవరో లోకమంతా తెలిసిన పాటగాడు అదే రోజున చచ్చిపోయాడట. ఇంకా ఉన్నాయి, చదవమంటారా మామా అని అడిగింది.

మామ నూలుకండె కింద పెట్టేశాడు. "ఎమర్జెన్సీ దినం మీద జంపఖానా నేస్తే దాని మీద ఎవలు పండుకుంటరు?" అని తన పనిలో పడ్డాడు.

చింతపండు గిన్నె తీసుకెళ్ళి అక్క నెత్తిన బోర్లించాలనిపించింది. తన బిడ్డకు ఊరంతా జెండాలు పెడుతుంటే, నా బిడ్డకు ఒక్క కప్పు ఓర్వలేదా మనిషి? ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాను. వంటింట్లో పక్కపక్కనే నిలబడి, పప్పు పొంగుతోందని మీ పెద్దమ్మకు చెప్పవే అని నా బిడ్డతో చెప్పించాను. ఆమె కూడా తక్కువ తినలేదు. పొయ్యి తగ్గించమని మీ చిన్నమ్మకు చెప్పు అని తన బిడ్డతో చెప్పించింది. మా ఆయన మధ్యలో ఏదో అనబోతే, బస్సు నడుపుకో పో అన్నాను.

ఇరవై ఐదో తారీఖు వచ్చింది. నా బిడ్డకు చిలకపచ్చ గౌను కుట్టాను, మెడ దగ్గర చిన్న చిన్న పూసలు పెట్టి. మా బళ్ళో పుట్టినరోజు పిల్లలు ఆ ఒక్కరోజు యూనిఫాం వేసుకోనక్కర్లేదు. కలర్ డ్రెస్ వేసుకుని చాక్లెట్లు పంచుతారు. నా బిడ్డ డబ్బా పట్టుకుని, ప్రపంచకప్పు వాక్యం నోటికి చదువుకుంటూ బడి ఆటో ఎక్కి కూర్చుంది. ఎమర్జెన్సీ గురించి చదవొద్దని నేను గట్టిగా చెప్పాను.

అక్క బిడ్డ మాత్రం కదలలేదు. యూనిఫాంలో, ఒక కాలికి బూటు వేసుకుని మెట్టు మీద కూర్చుంది. రెండో బూటు వీధిలో పడి ఉంది. లోపలి నుంచి అక్క కేకలు పెడుతోంది. ఆటో అతను హారన్ కొడుతున్నాడు. బూటు తెచ్చి, ఏమైందే అని అడిగాను. ఆ పిల్ల నా కొంగు పట్టుకుంది.

"చిన్నమ్మా, నా పుట్టినరోజు ఎన్నడు సదవరు. ఆ దినం బడే ఉండదు."

నిజమే కదా. జూన్ రెండు అంటే ఎండాకాలం సెలవులు. నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఒక్కసారి కూడా కలర్ డ్రెస్ వేసుకుని బడికి పోలేదని ఏడ్చింది. క్లాసంతా చెల్లె పేరు పెట్టి పాట పాడతారట. జెండా దగ్గర అందరూ చప్పట్లు కొడతారు కానీ అవి జెండాకు కొడతారట. ఆ జంపఖానా చెల్లెకు ఇచ్చేస్తాను, ఇరవై ఐదో తారీఖు నాకిమ్మని నన్ను అడిగింది, అదేదో నా మిషను సొరుగులో ఉన్నట్టు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు పండగైంది. నా బిడ్డను చూసి కుళ్ళుకునే మనిషి ఈ ఇంట్లో ఒకరున్నారు! పైకి మాత్రం ముక్కు తుడిచాను, బూటు తొడిగాను. చిలకపచ్చ గుడ్డ పీలిక మిగిలి ఉంటే తెచ్చి దాని జడకు కట్టాను. ఆటోలో నా బిడ్డ పక్కకు జరిగి చోటిచ్చింది. ఆటో మలుపు తిరిగిందో లేదో, నేను వంటింట్లోకి పోయాను. మాట్లాడకూడదన్న పంతం కూడా గుర్తు లేదు.

"విన్నవా అక్కా? నీ బిడ్డకు నా బిడ్డ పుట్టినరోజు కావాల్నట."

అక్క ఉల్లిగడ్డలు కోస్తోంది. నా వైపు చూడలేదు.

"తల్లి బుద్ధే వచ్చింది," అంది.

నాకు అర్థం కాలేదు. నీకేం తక్కువైందమ్మా అన్నాను, ఊరంతా నీ బిడ్డదే అయితే. అక్క కత్తి పక్కన పెట్టింది.

"నా బిడ్డ పుట్టిన్నాడు మామ యాడున్నడో ఎరుకనా నీకు? జెండా కాడున్నడు. మీ బావ గూడ ఆన్నే. రంగులు పూసుకొని పొద్దుగూకినంక వచ్చిండ్రు. నా పక్కన మా అమ్మ ఒక్కతే."

డప్పులు మోగుతుంటే పుట్టిందని మామ చెబుతాడు కదా అన్నాను.

"డప్పులు ఆయన ఇన్నడు. బిడ్డ ఏడుపు ఇనలే."

తర్వాత అంతా ఒక్క గుక్కలో చెప్పింది. నా కాన్పు నాటికి ఆమె, బిడ్డకు ఇరవై ఒకటో రోజు పండగ చేసుకోవడానికి వచ్చి ఇదే ఇంట్లో ఉంది. నన్ను కాన్పుకు వరంగల్ దవాఖానలోనే చేర్చారని తెలిసి పొద్దున చాయ కూడా తాగకుండా పోయిన మామ, దీపాలు పెట్టే వేళకు కూడా రాలేదట. ఆయనకు అన్నం గిన్నె పంపితే, పంపినట్టే తిరిగొచ్చిందట. ఒడిలో తన బిడ్డను పెట్టుకుని అక్క ఆ గిన్నె మూత తీసి చూసిందట. నీకు జంపఖానా మీద కుళ్ళు, నాకు ఆ గిన్నె మీద కుళ్ళు అంది. అందుకే ఎమర్జెన్సీ వెతికి చదివానంది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిగడ్డల వల్ల అని చెప్పుకోవడానికి ఆమెకు వీలుంది, నా కళ్ళకు అదీ లేదు.

నిజం చెప్పాలంటే మామ దవాఖానకు వచ్చిన సంగతి నాకు తెలుసు. మా అమ్మ చెప్పింది. అందరూ వస్తారు, ఆయనా వచ్చాడు అనుకున్నాను. పొద్దంతా ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. నేను లోపల అరుస్తూ ఉన్నాను. గోడకు అవతల ఎవరున్నారో నాకేం తెలుసు?

సాయంత్రం పిల్లలిద్దరూ వచ్చారు. ప్రార్థనలో కప్పు పేరు చదవగానే అందరూ చప్పట్లు కొట్టారట. మిగిలిన చాక్లెట్లు తాతకు ఇస్తుంటే, నేను మగ్గం దగ్గర నిలబడి అడిగాను. నా బిడ్డ పుట్టిన రోజున దవాఖానలో మీరేం చేశారు మామా అని.

"ఏం చేస్త? ఏం కాలే అని చెప్పిన గదా," అన్నాడు మామ. "బల్ల మీద కూసున్న. తలుపు దిక్కు చూసుకుంట కూసున్న."

"ఇంకేం కాలేదా తాతా?" అంది నా బిడ్డ.

మామ చాక్లెట్టు కాగితం విప్పుతూ ఆలోచించాడు.

"మాపటికి తలుపు తీసిండ్రు. నిన్ను తెచ్చి నా చేతుల పెట్టిండ్రు. గంతే బిడ్డా."

ఎన్నేళ్ళు వెతికాను! ఎక్కడో లండన్ దాకా పోయాను. నా బిడ్డ మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అయితే తలుపు నెయ్యి తాతా అంది. తలుపు నేసుడు అల్కనే అన్నాడు మామ. నాలుగు గీతలు, నడుమ ఖాళీ.

నేశాడు. చిలకపచ్చ నేల మీద తెల్లటి తలుపు, సగం తెరిచినట్టుగా. దాని కింద తారీఖు. నేనే మేకు కొట్టి, కోట తోరణం పక్కన తగిలించాను. ఎత్తు సరిచూడమంటే, సరిగ్గానే ఉందంది అక్క, చూడకుండానే.

నిన్న దుమ్ము దులిపే వంతు ఆమెది. నేను మిషను మీద ఉన్నాను. గులాబీ రంగు దాని మీద మామూలుగానే దులిపింది. చిలకపచ్చ దాని దగ్గరికి వచ్చేసరికి రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయి. వినిపించింది. మిషను ఆపకుండా కుట్టుకుంటూ కూర్చున్నాను.