బోణీ బేరం

ఏలూరులో నన్ను పిసినారి అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పిసినారి అసలు కొనడు. నేను అన్నీ కొనేవాణ్ణి, కాకపోతే అందరికంటే ముందు వెళ్ళి కొనేవాణ్ణి.

ముందు వెళ్ళడంలో ఉన్న కిటుకు మా వైపు అందరికీ తెలిసిందే. రోజులో మొదటి అమ్మకం బోణీ. బోణీకి వచ్చిన మనిషిని అమ్మేవాళ్ళు వట్టి చేతులతో పంపరు. పంపితే ఆ రోజంతా బేరాలు ఉండవని వాళ్ళ భయం. ఆ భయాన్ని ఆసరా చేసుకుని నేను ఇరవై రెండేళ్ళు సంసారం ఈదాను.

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. రోజూ పొద్దున్నే ఏలూరులో రైలెక్కడం, సాయంత్రం తిరిగి రావడం. స్టేషన్ బయట జామకాయల ఆవిడ గంప దించి గోనెపట్టా తీసేసరికి నేను ఎదురుగా నిలబడి ఉండేవాణ్ణి. నాలుగు కాయలు యాభై అంటే, "బోణీ బేరమండీ, నలభైకి ఇచ్చెయ్యండి, కాదనకండి" అనేవాణ్ణి. గొంతు పెంచేవాణ్ణి కాదు. మా గోదావరి వాళ్ళం అండీ, ఆయ్ అంటూనే పది రూపాయలు కోసేస్తాం, తెగినట్టు కూడా తెలియదు. పూల దగ్గరా అంతే, ఆకుకూరల దగ్గరా అంతే. టీ దగ్గర మాత్రం నా విద్య పారేది కాదు. పది అంటే పదే. అందుకని భీమడోలులో ఎక్కే తోటి లెక్చరర్‌ని గూడెం దాకా టీ తాగకుండా ఆపి, అక్కడ దిగాక ఇద్దరం కలిసి వన్ బై టూ చెప్పేవాళ్ళం. ఆయన పాపం పూర్తి టీ తాగగలిగిన మనిషే. మొహమాటానికి సగంతో సరిపెట్టుకునేవాడు.

"ఏవండీ, ఇన్నేళ్ళూ మీరు మిగిల్చిన పదులన్నీ ఎక్కడున్నాయండీ?" అని మా ఆవిడ అప్పుడప్పుడూ అడిగేది. బీరువాలో లేవు, బ్యాంకులో లేవు. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఆ పదుల్లో ఎక్కువ భాగం ఒకే మనిషి దగ్గర మిగిల్చాను. పదేళ్ళుగా బుధవారం, ఆదివారం కొల్లేటికోట నుంచి చేపలు తెచ్చే మామ్మ దగ్గర. చీకటితోనే ఆటో ఎక్కి, తర్వాత బస్సు మారి, తడి గోనె కప్పిన సత్తు బేసిన్ నెత్తిన పెట్టుకుని వచ్చేది. వీధి మొదట్లో ఇల్లు మాదే. కాబట్టి బోణీ నాదే. చిన్న చేపల్ని వాటాలుగా పోసి, "వాటా నూట అరవై అండి మేష్టారూ" అనేది.

"బోణీ కదా మామ్మగారూ, నూట యాభై."

ఆవిడ ఆకాశం వైపు చూసేది. నా వైపు చూసేది. నిట్టూర్చేది. "మీ చెయ్యి మంచిదని ఇత్తన్నానండి. ఇంకోళ్ళకయితే ఇవ్వను" అని, నోటు కళ్ళకద్దుకుని, బేసిన్‌కి తాకించి రొంటిన దోపుకునేది. ఆ తర్వాత కత్తిపీట ముందు కూర్చుని, బూడిద వేసి తోమి, పొట్టలు తీసి, కడిగి ఇచ్చేది. ఆ పనికి వేరే డబ్బులు అడిగేది కాదు, నేనూ ఇచ్చేవాణ్ణి కాదు. ఒకసారి నా దగ్గర నోట్లు లేక ఫోన్లో వేస్తానంటే, "నోటయితే కళ్ళకద్దుకుంటానండి. ఫోను ఎట్టా అద్దుకోనండి?" అంది. ఆ రోజు నుంచి ఆవిడ కోసం నోట్లు దాచి ఉంచేవాణ్ణి. నా చెయ్యి మంచిదన్న మాట మీద నాకు లోలోపల గర్వం ఉండేది మరి.

రెండేళ్ళ కిందట కాలేజీలో పిల్లలు తగ్గిపోయి కామర్స్ గ్రూపు ఎత్తేశారు. నాకు యాభై మూడు. ఆ వయసులో కొత్తగా ఎవరు పిలుస్తారు? గూడెంలో మా బావమరిదికి ఉల్లిపాయల వ్యాపారం ఉంది. "వచ్చి కొట్లో కూర్చోండి బావగారూ, ఇల్లు కూడా చూసి పెడతాను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

అప్పుడు మా ఆవిడ, "ఒక్క నెల నాకివ్వండి" అంది. పదిహేనేళ్ళుగా జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బు బయటికి తీసింది. వీధి గదిలో కర్రీ పాయింట్ పెడదామంది. పెద్ద గిన్నెలు, గ్యాస్ పొయ్యి, కవర్లు, రబ్బరు బ్యాండ్లు, బోర్డు అన్నీ ఆ డబ్బుతోనే. నెలలో నిలబడితే ఏలూరు. లేకపోతే ఇల్లు ఖాళీ చేసి గూడెం. అంతకుమించి మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

బుధవారం మంచిదని ఆ రోజే మొదలుపెట్టాం. ఆవిడ నాలుగింటికే లేచింది. గుత్తివంకాయ, దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, సాంబారు. నేను ఉల్లిపాయలు తరిగి కళ్ళు తుడుచుకుంటుంటే గేటు దగ్గర మామ్మ గొంతు వినపడింది.

"ఇవాళ వద్దు మామ్మగారూ. కూరల కొట్టు పెడుతున్నామండీ, తీరిక లేదు" అన్నాను, కత్తి చేతిలో ఉండగానే.

"మంచిదండి" అంది. ఒక్క క్షణం ఆగింది. బోర్డు వైపు చూసింది. బేసిన్ మళ్ళీ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఉల్లిపాయల మీద పడ్డాను.

పదకొండింటికి గిన్నెలన్నీ బల్ల మీదకి చేరాయి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక నిలబడ్డాను. మా ఆవిడ తలుపు వెనకాల. వాసన వీధి చివరిదాకా పోతోంది. మనుషులూ పోతున్నారు. "కొట్టు పెట్టారాండీ? మంచి పని చేశారు" అని అందరూ మెచ్చుకున్నారు. ఎవరూ కొనలేదు. మెచ్చుకోలుకి ధర లేదు కదా, మా వాళ్ళు ధారాళంగా ఇస్తారు.

పదకొండున్నరకి ఒక కుర్రాడు బైక్ ఆపాడు. ఎక్కడో కొట్లో పనిచేసే మనిషిలా ఉన్నాడు. "గుత్తివంకాయ ఎంతండీ?" అన్నాడు. "ముప్పై అండీ" అన్నాను. మూతలు చూశాడు, వెనక ముందు చూశాడు, ఎవరూ లేరని గ్రహించాడు. నవ్వాడు.

"బోణీ బేరమండీ, ఇరవైకి ఇచ్చెయ్యండి. కాదనకండి."

మాటకి మాట నాదే. మర్యాద కూడా నాదే. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. తెలియడం మాట అలా ఉంచి, నాకు ముందు ఒళ్ళు మండింది. నాలుగింటికి లేచిన మనిషి తలుపు వెనక నిలబడి ఉంది. ఆ వంకాయలు ఒక్కొక్కటీ చేత్తో కూరింది. "తగ్గేది లేదండీ. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే వెళ్ళిరండి" అన్నాను. వెళ్ళాడు.

మా ఆవిడ బయటికి వచ్చింది. "బోణీ మనిషిని పంపేశారాండీ?" అని మాత్రం అంది. గుత్తివంకాయ గిన్నె మూత తీసి, ఒకసారి చూసి, మళ్ళీ పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

పన్నెండయింది. పన్నెండున్నర అయింది. ఆ గంటలో నేను మనసులోనే ఇల్లు ఖాళీ చేసేశాను, సామాను గూడెం లారీ ఎక్కించేశాను, ఉల్లిపాయల బస్తాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను కూడా. అప్పుడు ఖాళీ బేసిన్ చంకన పెట్టుకుని మామ్మ వచ్చింది, బస్సుకి వెళ్తూ.

"బేరాలు ఎలాగున్నాయండి మేష్టారూ?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "ఇంకా బోణీ కాలేదు మామ్మగారూ."

ఆవిడ నా మొహం చూసింది. బేసిన్ కింద పెట్టింది. "గుత్తొంకాయ ఎంతండి?"

ముప్పై అన్నాను. అని, ఆవిడ తగ్గించమంటుందేమోనని చూశాను. పదికి అడిగినా ఇచ్చేసేవాణ్ణి. ఆవిడ రొంటిన ఉన్న సంచీ తీసి, మూడు ఇరవైలు లెక్కపెట్టి, "రెండు కట్టండి" అంది.

"మీ దగ్గర తీసుకుంటానాండీ? ఊరికే పట్టుకెళ్ళండి."

మామ్మకి కోపం వచ్చింది. పదేళ్ళలో నేను చూడని కోపం. "ఊరికే ఇత్తే బోణీ ఎట్టా అవుద్దండి? బోణీ కాడ అరువు ఉండకూడదు, ఊరికే ఉండకూడదు, బేరం ఆడకూడదండి. అమ్ముకునేవోళ్ళ మనసు కష్టపడుద్ది." నన్ను ఎత్తిపొడవాలని అందో, మామూలుగా అందో ఆ ముడతల మొహంలో నేను కనిపెట్టలేకపోయాను. "అమ్మగారిని పిలవండి. వండింది ఆవిడ. ఆవిడ చేత్తో అందుకోమనండి" అంది.

మా ఆవిడ వచ్చి రెండు చేతులూ చాపింది. ఆ నోట్లు తడిగా ఉన్నాయి, చేపల వాసన వేస్తున్నాయి. అలాగే కళ్ళకద్దుకుంది. అద్దుకున్న చేతులు కాసేపటిదాకా దించలేదు.

నేను కూర కవర్లో పోసి మూతి మెలితిప్పుతుంటే రబ్బరు బ్యాండు జారి గోడకి తగిలింది. మామ్మ కవరు లాక్కుని తనే బిగించింది. తర్వాత వెళ్తుందనుకున్నాం. వెళ్ళలేదు. మెట్టు దిగి వీధి మధ్యలో నిలబడి గొంతెత్తింది.

"కూరలమ్మా కూరలు! గుత్తొంకాయ, బెండకాయ, పప్పు! మేష్టారి ఇంట్లో అమ్మగారు వండిన కూరలమ్మా!"

ఆ గొంతు వీధికి అలవాటైన గొంతు. తలుపులు తెరుచుకున్నాయి. కొందరు చేపలనుకుని గిన్నెలు పట్టుకునే వచ్చేశారు. "చేపలేవీ మామ్మా?" అంటే, "చేపలు అయిపోయాయమ్మా. ఇయ్యాల్టికి వంకాయ తినండి, నేను కొన్నాను" అని తన కవర్లు ఎత్తి చూపించింది. ఒకరు కొంటే ఇద్దరు ఆగారు. ఇద్దరు ఆగితే నలుగురు అడిగారు. ఒకటిన్నరకి గుత్తివంకాయ గిన్నె అడుగు కనిపించింది. సాంబారు కాస్త మిగిలింది, అది మేమే పోసుకున్నాం.

మామ్మ బస్సు మాత్రం వెళ్ళిపోయింది. తర్వాతి బస్సుకి నేనే స్కూటరు మీద దింపాను. బేసిన్ మా ఇద్దరి మధ్యా పెట్టుకుని వెనక కూర్చుంది. అక్కడైతే మొహం కనపడదని ధైర్యం చేసి అన్నాను: "పదేళ్ళుగా బోణీ పేరు చెప్పి మీ దగ్గర వారానికి ఇరవై రూపాయలు కోశానండీ. తప్పు చేశాను."

వెనక నుంచి పెద్ద నవ్వు వినపడింది. "మీకు చెప్పే రేటు ఏరేనండి మేష్టారూ! అందరికీ నూట యాభయ్యే. మీకు నూట అరవై చెప్తాను. మీరు తగ్గిత్తే గానీ ఊరుకోరు కదండి."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఇరవై రెండేళ్ళ నా కామర్సు ఆ సత్తు బేసిన్ కింద నలిగిపోయింది. మా ఆవిడ అడిగిన ప్రశ్నకి సమాధానం కూడా దొరికింది. ఆ పదులు ఎక్కడా లేవు, ఎందుకంటే అవి అసలు మిగల్లేదు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక అడిగాను.

"మరి ఇవాళ పొద్దున నేను వద్దన్నాక మీ బోణీ ఎక్కడ అయిందండీ?"

"పదకొండింటిదాకా అవలేదండి. ఎండెక్కిపోతే చేప మెత్తబడుద్ది కదండి, ఆకరికి వచ్చినకాడికి ఇచ్చేశాను" అంది. తర్వాత మామూలుగా, "అందుకేనండి, మీ మొహం సూడగానే తెలిసింది" అంది.

ఆ పొద్దున నేను ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండా పంపేసిన మనిషి, నష్టానికి అమ్ముకుని వచ్చిన ఆ కొద్ది డబ్బుల్లోంచి అరవై తీసి మా బోణీ చేసింది. ఆ అరవైకి నేను ఇవాళ్టికీ కృతజ్ఞుణ్ణి. నెల గడిచింది, కొట్టు నిలబడింది, మేం ఏలూరులోనే ఉన్నాం. ఇప్పుడు మా దగ్గరికి బోణీ బేరానికి వచ్చేవాళ్ళకి ముప్పయ్యే చెప్పి, పైన ఇంకో వంకాయ వేస్తుంది మా ఆవిడ. జామకాయల ఆవిడ దగ్గర ఇప్పుడు యాభై అంటే యాభయ్యే ఇస్తున్నాను. మొదటి రోజు ఆవిడ నోటు వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది, దొంగ నోటేమోనని.

ఆ మొదటి వారం ఆదివారం మాత్రం మామ్మ కోసం గేటు ముందే తీసి నిలబడ్డాను. బేసిన్ దించి, ఏమీ జరగనట్టే, "వాటా నూట అరవై అండి మేష్టారూ" అంది.

"బోణీ మామ్మగారూ. నూట డెబ్బై."

తెల్లబోయింది. "అదేంటండి? కుదరదండి. నూట యాభై ఇవ్వండి."

"నూట డెబ్బైకి తగ్గేది లేదండీ."

"అట్టా అయితే నేనియ్యనండి" అని బేసిన్ మీద గోనె కప్పబోయింది. మా ఆవిడ లోపల్నుంచి పకపకా నవ్వుతోంది. చాలాసేపు లాక్కున్నాం, చివరికి నూట అరవై దగ్గర తెగింది. పదేళ్ళలో ఆవిడ చెప్పిన ధరకి నేను కొనడం అదే మొదటిసారి.