కోతులు ముట్టని మడి

శ్రీరాంపూర్ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ ఒడిలో కాకర మొక్కలున్నాయి. కోతుల బాధ పడలేక బొగ్గుగని క్వార్టర్ల వెనక కూరగాయల మడులు అందరూ వదిలేశారనీ, అక్కడ బండ్లకు షెడ్లు వేస్తున్నారనీ, తనదొక్కటే మిగిలిందనీ చెప్పింది.

వెనక సీటాయన నవ్వాడు. "నువ్వు గూడ ఇడిసిపెట్టరాదక్కా. కోతులతోని కొట్లాడుతవా?"

"కాకర చేదు తమ్మీ, కోతులు ముట్టయి."

"అయితే ఏడాదంత కాకరకాయనే తింటవా?"

"తింట. చేదని జాగ ఇడుస్తనా? షెడ్డు లేక నీ బండికి ఎండ తగిలితే గొడుగు పట్టుకో."

బస్సంతా నవ్వింది. దిగేటప్పుడు నా చేతిలో రెండు మొక్కలు పెట్టింది.

ఇంట్లో వాటిని చూసి బాపు, "క్వార్టరెనక ఇడిసిపెట్టిన మన మడి గూడ షెడ్డుకు ఇస్తనన్న బిడ్డా" అన్నాడు.

ఆయన మాటకు ఎప్పుడూ తలూపే నేను, "ఇయ్యద్దు బాపూ" అని పార అందుకున్నాను.