ఆమోసు బీరు ఎందుకు పులిసింది

ఆమోసుకి అనుమానపడటమే ఉద్యోగం. దేశంకాని దేశం వచ్చి, షానన్‌లో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా క్వాలిటీ చెకింగ్ చేస్తున్నాడు. ప్రతి పెట్టెలోనూ ఏదో ఒక లోపం ఉండే ఉంటుందని నమ్మి తెరవాలి, అదీ ఆయన పని. ఆ గుణాన్ని సాయంత్రం ఐదింటికి అక్కడే వదిలేసి రావాలని పాపం ఆయనకెవరూ చెప్పలేదు. ఎన్నిస్‌లో ఇంటిదాకా దాన్నీ కార్లో ఎక్కించుకుని వచ్చేవాడు. కూతురు ప్రెయిస్ "అయామ్ గ్రాండ్, డాడ్" అని, బాగానే ఉన్నానని ఇక్కడి మాటలో అంటే చాలు, ఏదో దాస్తోందని స్కూలుకి ఫోన్ చేసేవాడు.

అలాంటి మనిషికి ఇంట్లో బీరు కాచుకునే సరదా పట్టుకుంది. ఏ ఇంట్లోననుకున్నారు? భార్య హెలెన్ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే కేరర్, ఆదివారం తెలుగు ప్రార్థన కూటంలో పాట ఎత్తుకునేది ఆవిడే. నెల్లాళ్ళు మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. చివరికి ఆవిడే ఒక మెట్టు దిగింది. పబ్బు గడప తొక్కకూడదు, వారానికి రెండు సీసాలు దాటకూడదు, కూటం వాళ్ళ దగ్గర ఆ ఊసెత్తకూడదు. "అట్టా ఉంటానంటే మీ బకెట్టు జోలికి నేను రాను. మాటిస్తున్నా," అంది.

బకెట్టుకి చోటు హాట్ ప్రెస్‌లో దొరికింది. వేడినీళ్ళ ట్యాంకు ఉండే బీరువాని ఇక్కడ అలాగే అంటారు. తువ్వాళ్ళు ఆరేదీ అందులోనే, చలికి దోసెల పిండి పొంగేదీ అందులోనే. పై అరలో పిండి గిన్నె, కింద బకెట్టు. శనివారాలు హెలెన్‌కి డ్యూటీ కాబట్టి పిండి రుబ్బే పని ఆమోసుదే. గుడివాడలో వాళ్ళమ్మ చేసినట్టే ఉప్పు వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాడు. చేత్తో కలిపితేనే పిండి పొంగుతుందని ఆయన నమ్మకం. లోకంలో ఆయన అనుమానించని విషయం అదొక్కటే.

మొదటిసారి కాచిన బీరు బ్రహ్మాండంగా వచ్చింది. తరవాత మూడుసార్లు వరసగా పులిసిపోయింది. పులుపంటే అలాంటిలాంటి పులుపు కాదు, ఒక్క గుక్కకి పళ్ళు జివ్వుమన్నాయి. నలభై సీసాలు సింకులో పోస్తుంటే ఆమోసుకి ఏడుపొక్కటే తక్కువ.

సామాను మార్చాలనుకున్నాడు. ఏడాదికి రెండొందల యూరోలు, అంతకు మించి ఒక్క సెంటు లేదని ముందే అనుకున్న మాట. ఆ డబ్బుకి స్టీలు పీపా వస్తుంది, లేదా వేడి ఒకే తీరున ఉంచే బెల్టు వస్తుంది, లేదా ఎవరో వాడిన ఫ్రిజ్ వస్తుంది. మూడూ రావు. తప్పుది కొన్నాడా, ఈ ఏడాదికి ఇక అంతే సంగతులు. కాబట్టి ముందు దొంగెవరో తేలాలి.

మొదటి అనుమానం బకెట్టు అమ్మినవాడి మీద. క్లోనీ అనే ఊరిదాకా వెళ్ళి తెచ్చుకున్న పాత బకెట్టు అది. అమ్మేటప్పుడు మనిషి మరీ నవ్వాడని ఇప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేసి నిలదీస్తే, "నా దగ్గరున్నప్పుడు గ్రాండ్‌గానే ఉందయ్యా," అని పెట్టేశాడు. ఆమోసు బకెట్టుని రెండ్రోజులు క్రిములు చంపే మందునీళ్ళలో నానబెట్టి, తోమి, టార్చిలైటు వేసి చూశాడు. ఎక్కడా చిన్న గీత లేదు. తరవాత ట్యాంకు వేడి మీద అనుమానం. థర్మామీటరు వేలాడదీసి వారం రోజులు రాసుకున్నాడు. అదీ నిలకడగానే ఉంది. ఇంకోసారి కాచి పెట్టి, ఎందుకైనా మంచిదని రోజూ మూత తీసి వాసన చూశాడు, గ్లాసు ముంచి రుచి చూశాడు.

అప్పుడే ఒక పొద్దున హెలెన్ హాట్ ప్రెస్ ముందు కనబడింది. చెయ్యి బకెట్టు మూత మీద ఉంది. ఈయన అడుగుల చప్పుడు వినగానే గబుక్కున తలుపు మూసేసింది.

"ఏంటి ఇక్కడ?"

"తువ్వాలు కోసం వచ్చానండీ."

చేతిలో తువ్వాలు లేదు.

ఇంకేం కావాలి ఆయనకి! ఆ రోజంతా ఫ్యాక్టరీలో ఒక్క పెట్టె మీదా మనసు నిలవలేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఈవిడ నోట అబద్ధం వినలేదు. బీరు పోతే పోయింది, ఈ మాట తప్పితే ఇంకే మాట నమ్మాలి? సాయంత్రం ఇంటికి రాగానే అడిగేశాడు.

"హెలెన్, ఆ బకెట్టులో ఏమన్నా పోస్తున్నావా?"

ఆవిడ మొహం తెల్లబోయింది. "మాటిచ్చి తప్పే మనిషినా నేను?"

"మరి పులుస్తోంది గదా!"

ఆవిడ అన్నం ముట్టకుండా డ్యూటీకి వెళ్ళిపోయింది. చూశావా, జవాబు చెప్పలేదు అనుకున్నాడు ఈ మహానుభావుడు. ఆ శుక్రవారం రాత్రి పాత ఫోను ఒకటి తీసి, ఏదైనా కదిలితే రికార్డయ్యేలా పెట్టి, హాట్ ప్రెస్‌లో దుప్పట్ల సందున దాచాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను తీశాడు. రెండు వీడియోలున్నాయి. మొదటిదాని బొమ్మలోనే మూత మీద హెలెన్ చెయ్యి, ఆవిడ గాజులతో సహా! అంతే, ముందుగా చూడాలని కూడా తోచలేదు. భార్యనీ కూతుర్నీ సోఫాలో కూర్చోబెట్టి టీవీలో పెట్టాడు.

తెర మీద హెలెన్ తలుపు తీసింది. మూత మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఇది నీకు ఇష్టం లేదని నాకు తెలుసు. అయినా ఈసారి పులవనివ్వకు. ఆ సింకు దగ్గర నిలబడ్డప్పుడు ఆయన మొహం చూడలేకపోతున్నాను తండ్రీ." మూతైనా కదపలేదు, తలుపు మూసి వెళ్ళిపోయింది.

ఆమోసు ఆపుదామని రిమోట్ వెతుక్కునేలోపే రెండో వీడియో మొదలైంది. మోచేతి దాకా పిండి అంటిన చెయ్యొకటి గిన్నెని పై అరలో పెట్టింది. పంచెకి ఇటొకసారి అటొకసారి తుడుచుకుంది. అదే చెయ్యి బకెట్టు మూత తీసింది, గ్లాసుతో సహా వేళ్ళు ముంచి బీరు తీసింది.

"డాడ్," అంది ప్రెయిస్, "దట్స్ యూ."

దోసెల పిండిని పులియబెట్టేదేదో, అదే ఇన్నాళ్ళూ బీరుని పులియబెట్టింది. దాన్ని వారం వారం స్వయంగా మోసుకెళ్ళి ముంచింది ఈయన. మొదటిసారి ఒక్కటే మూత ముట్టకుండా ఆగాడు, అందుకే అది దక్కింది. రెండొందలు పెట్టి ఏ సామాను కొన్నా ఆ చెయ్యి మారదు గదా! సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"నేను పిచ్చోణ్ణి, హెలెన్," అన్నాడు.

హెలెన్ టీవీ వైపే చూస్తోంది. "అడిగారు, కాదని చెప్పాను. చెప్పాక కూడా ఫోను పెట్టారా?"

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నెల తరవాత మళ్ళీ కాచాడు, ఆ పాత బకెట్టులోనే. ఒక సబ్బూ, పిండి కలపడానికి ఒక కొత్త గరిటే తప్ప ఏమీ కొనలేదు. పిండి గిన్నె వంటింటి బీరువాలోకి మారింది. మూత బిగించాక దాని జోలికి పోకుండా ఉండటానికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తరవాత వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నసిగాడు.

"హెలెన్, ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యవా?"

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. హాట్ ప్రెస్ తలుపు తీసింది. మూత మీద చెయ్యి పెట్టలేదు. ముందు దుప్పట్లన్నీ ఒక్కొక్కటీ ఎత్తి, వాటి కింద చూసింది.